గోడ కొలతా, ముఖం కొలతా?

(చిత్రలేఖనం నేర్చుకుంటున్న విద్యార్థులూ, పటాలు కట్టే పనివారూ, ఇళ్ళకు చిత్రాలు కొనుక్కునేవారూ కలిసిన విజయవాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, విద్యార్థులకు, దుకాణాలు ఒక పూట ముందుగానే కట్టేసి వచ్చిన ఫ్రేముల పనివారికి నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది ఐరోపా మహాచిత్రకారులు గీసిన రూపచిత్రాల నకళ్ళను గురించి, అంటే మనం కాన్వాసు మీద అచ్చువేయించి, ఫ్రేము కట్టించి, గోడకు తగిలించుకునే వాటిని గురించి. మన ఊళ్ళో పటాలు కట్టే దుకాణాల గోడలు ఒకప్పుడు ఎలా ఉండేవో మీలో చాలామందికి గుర్తుంటుంది. వేంకటేశ్వరస్వామి, కనకదుర్గమ్మ, షిర్డీ సాయిబాబా, గాంధీగారు, అంబేద్కర్‌గారు, రామారావుగారు, వీరి మధ్య పెళ్ళి ఫోటోలు, కాలం చేసిన పెద్దల ఫోటోలు ఉండేవి. అవి ఇప్పుడూ ఉన్నాయి. అయితే వాటి సరసన బంగారు రంగు ఫ్రేములో మోనాలిసా కూడా వచ్చి చేరింది. తలకు నీలిగుడ్డ చుట్టుకుని, ముత్యపు లోలాకు పెట్టుకుని, భుజం మీదుగా మనవైపు చూసే డచ్చి అమ్మాయి చేరింది. ముడతలు పడిన నుదురుతో, చీకట్లోంచి తొంగిచూసే రెంబ్రాంట్ చేరాడు. అపార్టుమెంటు హాళ్ళలోనూ, హోటళ్ళ మెట్ల మలుపుల్లోనూ, దంతవైద్యుల వరండాల్లోనూ వీరు తరచుగా కనిపిస్తున్నారు.

ఇటువంటి చిత్రం కావాలని వెళితే దుకాణదారు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎక్కడైనా ఒకటే: "గోడ ఎంతండీ?" సోఫా వెనక గోడ ఎంత ఉందో చెబితే, దానికి తగిన చిత్రం ఎన్ని అడుగులుండాలో ఆయన లెక్కకడతారు. జలపాతానికో, ఏడు గుర్రాల బొమ్మకో ఆ లెక్క సరిపోతుందేమో గాని, రూపచిత్రానికి సరిపోదని నా అభిప్రాయం. రూపచిత్రం దగ్గర మొదట అడగవలసింది ఆ ముఖం అసలు ఎంత ఉందనే. మిగిలినవన్నీ, అంటే బొమ్మ ఎక్కడ దొరుకుతుంది, ఏ గుడ్డ మీద అచ్చువేయాలి, ఏ ఫ్రేము కట్టాలి అన్నవన్నీ, ఆ ప్రశ్నకు సమాధానం దొరికిన తరువాత వచ్చేవే.

కొలతల సంగతికి రాకముందు, నకలంటే మనలో ఉన్న చిన్నచూపు గురించి కొంత చెప్పాలి. అచ్చుబొమ్మ కొన్నవాడికి కళ తెలియదనీ, తెలిసినవాడు అసలుదే చూస్తాడనీ అనడం సులభం. అసలువి పారిస్‌లో, హేగ్‌లో, వాషింగ్టన్‌లో ఉన్నాయి. పైగా ఈ రూపచిత్రాల చరిత్ర మొదటినుంచీ నకళ్ళతో పెనవేసుకునే ఉంది. రఫయెల్ 1518 ప్రాంతంలో పోప్ పదవ లియోను ఇద్దరు కార్డినళ్ళతో కలిపి చిత్రించాడు. ఆ చిత్రం మీద మాంటువా పాలకుడు ఫెడెరికో గొంజాగా మనసుపడ్డాడు. ఫ్లోరెన్సును ఏలుతున్న మెడిచీ కుటుంబానికి దాన్ని వదులుకోవడం ఇష్టం లేదు, పొమ్మనడానికీ వీలులేదు. అందుచేత ఆండ్రియా డెల్ సార్టో చేత రహస్యంగా ఒక నకలు గీయించి, దానినే మాంటువాకు పంపారు. అసలు చిత్రం గీస్తున్నప్పుడు రఫయెల్ దగ్గర పనిచేసిన జూలియో రొమానో అప్పుడు మాంటువాలోనే ఉన్నాడు. తన చేయి కూడా పడిన చిత్రం అదేనని ఆయన ఏళ్ళ తరబడి నమ్మాడు. చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి వెళ్ళి గుర్తు చూపించి నిజం చెప్పినప్పుడు, దీని విలువ నా దృష్టిలో తగ్గలేదు సరికదా ఇంకా పెరిగిందని జూలియో అన్నట్లు వసారే రాశాడు. ఆ నకలు ఇప్పుడు నేపుల్స్‌లోని కాపొడిమోంటె మ్యూజియంలో గౌరవంగానే ఉంది.

దీనికి తిరగబడిన కథ కూడా రఫయెల్‌దే. ఆయన గీసిన పోప్ రెండవ జూలియస్ చిత్రం 1824 నుంచి లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నా, అది నకలేననీ, అసలుది ఫ్లోరెన్సులో ఉందనీ చాలాకాలం అనుకున్నారు. చిత్రాన్ని శుభ్రం చేసి ఎక్స్‌రే తీసి పరిశీలించాక 1970లో లెక్క తారుమారైంది. ఆకుపచ్చ తెర వెనక చిత్రకారుడు మొదట వేసి తరువాత మనసు మార్చుకుని కప్పేసిన చిహ్నాలు బయటపడ్డాయి. ఉన్నదాన్ని చూసి నకలు దించేవాడికి అలా మనసు మార్చుకోవలసిన పని ఉండదు కదా! లండన్‌దే అసలుదని తేలింది. నూట నలభై ఏళ్ళకు పైగా ఆ గదిలోంచి నడిచివెళ్ళిన వారి కళ్ళముందు ఉన్నది ఒకే చిత్రం. మారింది దాని కింద రాసిన చీటీ మాత్రమే.

అసలు చిత్రం నశించి నకలే మిగిలిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఇంగ్లాండు రాజు ఎనిమిదవ హెన్రీ అనగానే మన కళ్ళముందుకు వచ్చే కాళ్ళు దూరంగా చాపి నిలబడిన ఆ తీరు, ఆ విశాలమైన భుజాలు హోల్బైన్ 1537లో వైట్‌హాల్ రాజభవనం గోడ మీద వేసిన చిత్రంలోవి. ఆ భవనం 1698లో తగలబడింది. అంతకుముందు, 1667లో, రెండవ చార్లెస్ దానికి ఒక చిన్న నకలు వేయించి పెట్టడం వల్ల ఆ గోడచిత్రం మొత్తం ఎలా ఉండేదో మనకు తెలుస్తున్నది. ఎర్రదుస్తుల్లో ఉన్న ఇసబెల్లా డెస్టెను టిషియన్ గీసిన చిత్రం పోయింది, రూబెన్స్ దాన్ని చూసి గీసుకున్న నకలు వియన్నాలో ఉంది. లియొనార్డో మోనాలిసాను గీస్తున్న రోజుల్లోనే, ఆయన చిత్రశాలలోనే మరొక చేయి గీసిన నకలు మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. ఆ నకలులో ఆమె వెనక కనిపించే దృశ్యం మీద తరువాతి కాలంలో ఎవరో పూసిన నల్లరంగును తొలగించి 2012లో ప్రదర్శించినప్పుడు, లూవ్ర్‌లోని అసలు చిత్రంలో పసుపెక్కిన వార్నిషు కింద మసకబారిన కనుబొమలు, చేతిమడతలు, కొండలు ఎలా ఉండి ఉంటాయో లోకానికి తెలిసివచ్చింది.

మన సంగతి చూద్దాం. తెలుగువారి ఇళ్ళకు తైలవర్ణచిత్రం వచ్చింది నకలు రూపంలోనే. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు కార్యాలయం పెట్టి, తన లక్ష్మీదేవినీ సరస్వతినీ రాతి అచ్చుల మీద రంగు తరువాత రంగు వేయించి, తైలవర్ణంలా మెరవడానికి వార్నిషు పూయించి దేశమంతా పంచాడు. మన అమ్మమ్మల పూజగదుల్లోకి వచ్చినవి ఆ ఓలియోగ్రాఫులే. వాటిని చూసి ఇది అసలుదేనా అని అడిగిన భక్తుడు నాకు తెలిసి లేడు.

ఇంకొక ముచ్చట. నకలు ఎప్పుడూ పడమటినుంచి తూర్పుకే రాలేదు. రెంబ్రాంట్ తన యాభై ఏళ్ళ వయసులో, 1656 నుంచి కొన్నేళ్ళపాటు, మొగల్ చిత్రాలను ముందుపెట్టుకుని, ఆసియా నుంచి వచ్చిన ఖరీదైన కాగితం మీద ఇరవైకి పైగా నకళ్ళు దించాడు. వాటిలో షాజహాను రూపాలున్నాయి. డచ్చి కంపెనీ మన బందరులో కొలువుతీరింది కూడా ఆ 17వ శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే. అక్కడి వలందపాలెం వారి పేరు మీద మిగిలినదే. గోలకొండలో 1686 ప్రాంతంలో తయారైన మన రాజుల రూపచిత్రాల ఆల్బమొకటి ఆమ్‌స్టర్‌డామ్ మేయరుగా పనిచేసిన నికొలాస్ విట్సెన్ చేతికి చేరి, నేడు అక్కడి రైక్స్ మ్యూజియంలో ఉంది. మన రాజుల ముఖాలు వారి అల్మరాల్లోకి వెళ్ళాయి, వారి ముఖాలు ఇప్పుడు మన గోడల మీదికి వచ్చాయి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇక కొలతల దగ్గరికి వద్దాం. వెర్మీర్ 1665 ప్రాంతంలో గీసిన ముత్యపు లోలాకు అమ్మాయి చిత్రం ఎత్తు 44.5 సెంటీమీటర్లు, వెడల్పు 39. అంటే ఎత్తు పదిహేడున్నర అంగుళాలు, వెడల్పు పదిహేనుకు కొంచెం పైన. చంకలో పెట్టుకుని బస్సెక్కవచ్చు. మోనాలిసా ఎత్తు 77, వెడల్పు 53 సెంటీమీటర్లు. వాషింగ్టన్‌లో ఉన్న 1659 నాటి రెంబ్రాంట్ స్వీయచిత్రం 84.5 ఎత్తు, 66 వెడల్పు. ఈ మూడింటిలోనూ చిత్రకారుడు ముఖాన్ని దాదాపు మనిషి ముఖమంతగానే, లేదా దానికి కొంచెం తక్కువగానే ఉంచాడు. అది యాదృచ్ఛికం కాదు. గదిలో ఎదురుగా కూర్చున్న మనిషిని చూసే దూరంలో నిలబడి చూడడానికి గీసినవి ఇవి. ఆ దూరంలో ఆ అమ్మాయి కింది పెదవి చివర ఉన్న చిన్న తెల్లచుక్క తడిలా కనిపిస్తుంది. లోలాకు మీది రెండు తెల్లటి మరకలు ముత్యంగా కనిపిస్తాయి. నిజానికి అక్కడ ముత్యాన్ని చెవికి తగిలించే కొక్కెం కూడా వెర్మీర్ గీయలేదు. మన కన్నే దాన్ని పూర్తిచేసుకుంటుంది.

ఇప్పుడు ఆ చిత్రాన్ని నాలుగు అడుగుల ఎత్తుకు పెంచండి. అసలు కన్నా రెండున్నర రెట్లు మించిపోతుంది. పెదవి మీది చుక్క బొబ్బలా లేస్తుంది. ముత్యం రెండు మరకలుగా విడిపోతుంది. చెంప మీద వెలుగునుంచి నీడకు జారే ఆ మెత్తటి మార్పు, అరచేయంత మేరలో జరగవలసింది, జానెడు పైన పరుచుకుని పలచబడిపోతుంది. ఆమె మనవైపు తిరిగినట్లుండదు, మన మీదికి వచ్చినట్లుంటుంది. కొన్నవారు కొద్దిరోజులకే ఆ చిత్రం కింద కూర్చోవడం మానుకుంటే నేను ఆశ్చర్యపోను.

మన ఊరివారికి పెద్ద ముఖం మీద మక్కువ ఎందుకో ఊహించడం కష్టం కాదు. గాంధీనగరంలో సినిమా పంపిణీ కార్యాలయాలు వరుసగా ఉన్న ఊరు ఇది. హాలు ముందు నిలబెట్టే కటౌట్లనూ, చేతితో గీసిన బ్యానర్లనూ, ఆ తరువాత ఫ్లెక్సీలనూ చూస్తూ పెరిగిన కళ్ళు మనవి. మనిషి ఎంత గొప్పవాడైతే ముఖం అంత పెద్దది కావాలన్న లెక్క మనకు తెలియకుండానే అలవడింది. బ్యానరు గీసిన కళాకారుడికి తన పని బాగా తెలుసు. రోడ్డు అవతలి వైపు నుంచి, కదులుతున్న వాహనంలోంచి చూసేవారి కోసం ఆయన ముక్కు పక్కన నీలిరంగు పట్టీ కొట్టేవాడు, దగ్గరకు వెళ్ళి చూస్తే అది ముఖమే కాదు. వెర్మీర్ పని చేయిచాపినంత దూరానికి. ఒకరి కొలత ఇంకొకరికి తొడిగితే ఇద్దరికీ అన్యాయమే.

చిన్నది చేయడంలోనూ చిక్కులున్నాయి. హోల్బైన్ 1533లో గీసిన రాయబారుల చిత్రం ప్రతి దిక్కునా రెండు మీటర్లకు పైగా ఉంటుంది, అందులో ఇద్దరు మనుషులు నిలువెత్తున నిలబడి ఉంటారు. వారి పాదాల దగ్గర ఏటవాలుగా సాగదీసి గీసిన పుర్రె ఒకటి ఉంది. చిత్రానికి పక్కగా నడిచివెళ్ళి ఓరగా చూసినప్పుడే అది పుర్రెగా కుదురుకుంటుంది. రెండడుగుల అచ్చులో ఆ నడక ఉండదు కనుక అది ఎవరో రంగు ఒలకబోసినట్లు మిగిలిపోతుంది. స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ 1656లో గీసిన లాస్ మెనినాస్ అనే చిత్రం మూడు మీటర్లు దాటిన ఎత్తు. మన హాళ్ళలో దానికి చోటు లేదు. అందుకే ఇంటికి కొనేవారికి నా సలహా తలా భుజాలూ ఉన్న చిత్రాలనో, నడుము దాకా ఉన్న వాటినో ఎంచుకోమని. అవి అసలు కొలతలోనే మన గోడ మీద ఇముడుతాయి.

కొలతతో పాటు నిష్పత్తి ఉంది. దుకాణాల్లో సిద్ధంగా ఉండే ఫ్రేములు ఎక్కువగా 24కి 36 అంగుళాలవి. ముత్యపు అమ్మాయిని 24 అంగుళాల వెడల్పుకు పెంచితే ఆమెకు రావలసిన ఎత్తు 27 అంగుళాల పైచిలుకే. మిగిలిన ఎనిమిదిన్నర అంగుళాలను ఏదో ఒకటి చేయాలి. పక్కలు కోసి నింపుతారు, లేదా పైన నలుపు అతికిస్తారు, అన్నిటికన్నా ఘోరంగా ముఖాన్నే నిలువుగా సాగదీస్తారు. సాగిన ముఖాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు, మెడ కొంగమెడలా ఉంటుంది. ఫ్రేము లేకుండా కాన్వాసు అంచులను చట్రం పక్కలకు మడిచే పద్ధతిలో ఇంకొక ప్రమాదం ఉంది. ఒక్కొక్క వైపు అంగుళంన్నర మడతలోకి పోతే, పదిహేను అంగుళాల చిత్రంలో మూడు అంగుళాలు పక్కకు తిరిగిపోతాయి. మడత కోసం అంచుల చుట్టూ ఒకే రంగు అదనంగా వేయించుకుంటే చిత్రం చిత్రంగా ఉంటుంది. ఫ్రేము కట్టించేటట్లయితే దాని గాడి కిందకు పోయేది పావు అంగుళమే కనుక పెద్దగా నష్టం లేదు.

బొమ్మ ఎక్కడినుంచి తెచ్చుకోవాలన్నది ఈ రోజుల్లో తేలికైన విషయం, అయినా ఎక్కువమంది తప్పుదారిలోనే వెళుతున్నారు. మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయిన తరువాత అరవై ఏళ్ళకు కాపీహక్కు ముగుస్తుంది, వీరు పోయి మూడు నాలుగు వందల ఏళ్ళు దాటింది. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ 2012 నుంచీ, న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం 2017 నుంచీ తమ దగ్గరి చిత్రాల పెద్ద ఫైళ్ళను ఎవరైనా ఉచితంగా దించుకుని వాడుకోవచ్చని తెరిచి పెట్టాయి. రైక్స్ మ్యూజియం వారు రెంబ్రాంట్ నైట్ వాచ్ చిత్రానికి 2022లో 717 గిగాపిక్సెళ్ళ ఫోటో విడుదల చేశారు, అందులో రంగు రేణువులు కూడా కనిపిస్తాయి. మనకు అంత అక్కరలేదు. అంగుళానికి 300 చుక్కల లెక్కన ముత్యపు అమ్మాయిని అసలు కొలతలో అచ్చువేయడానికి నిలువునా 5,256 చుక్కలు, అడ్డంగా 4,600 పైచిలుకు చుక్కలు చాలు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన బొమ్మ కుదించుకుపోయి వస్తుంది, దాన్ని పెంచి అచ్చువేస్తే ముఖం మైనపు బొమ్మలా నున్నబడుతుంది.

ఫైలు దొరికాక దాన్ని ముట్టుకోకుండా ఉంచడం అసలు పరీక్ష. దుకాణంలో కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడికి, పాపం, పెళ్ళి ఫోటోలు దిద్దిన అలవాటు. తెరిచిన వెంటనే వెలుగు పెంచుతాడు, రంగు పెంచుతాడు, ముఖం తెల్లబరుస్తాడు. ఈ చివరి అలవాటు గురించి ఒక చిత్రం ఆధారంగా కొంచెం గట్టిగానే చెప్పదలిచాను. వెలాస్కెజ్ 1650లో రోములో ఉన్నప్పుడు హువాన్ దె పరేహా అనే వ్యక్తిని చిత్రించాడు. పరేహా ఆయన చిత్రశాలలో సహాయకుడు, ఆనాటి చట్టం ప్రకారం ఆయనకు బానిస. గోధుమవన్నె చర్మం, ఒత్తైన నల్లని జుట్టు, విశాలమైన తెల్లని లేసు కాలరు, గుండెకు అడ్డంగా పెట్టుకున్న చేయి, మనవైపు తొణకకుండా చూసే చూపు. ఆ ఏడాది చివరలోనే వెలాస్కెజ్ ఆయనకు విముక్తిపత్రం రాసిచ్చాడు. ఆ తరువాత పరేహా స్వతంత్రంగా చిత్రకారుడయ్యాడు. ఆ చిత్రం 1970లో లండన్ వేలంలో 23 లక్షల పౌండ్లకు పైగా పలికి, న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం చేరింది. ఆ కాలరు తెలుపు పక్కన ఆ చర్మపు వన్నె నిలబడడమే ఆ చిత్రంలోని నిబ్బరం. దాన్ని నాలుగు పాళ్ళు తెల్లబరిచామంటే ఆ మనిషినే తుడిచేసినట్లు. అది సాంకేతికమైన దిద్దుబాటు అనిపించుకోదు.

రంగుల విషయంలో నిజాయితీకి కూడా హద్దులున్నాయి. మోనాలిసా ముఖం మీది ఆకుపచ్చ పసుపు ఛాయ చాలావరకు వయసు మీరిన వార్నిషుది. ఒక పుస్తకంలో ఆమె బంగారు రంగులో, ఇంకొకదానిలో బూడిద రంగులో కనిపించడానికి కారణం, ఆ ఛాయను ఎవరెంత తీసేశారన్నదే. ముత్యపు అమ్మాయి వెనకాల మనకు కనిపించే నల్లటి శూన్యం కూడా వెర్మీర్ వదిలినది కాదు. 2018లో మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో చేసిన పరిశోధనలో అక్కడ ఒకప్పుడు మడతలున్న ఆకుపచ్చ తెర ఉండేదనీ, ఆ పలచటి ఆకుపచ్చ పూత కాలక్రమాన పాడైపోయిందనీ తేలింది. తలగుడ్డ నీలం మాత్రం నిలిచింది, అది అఫ్గనిస్తాన్ గనుల రాయిని నూరి తీసిన రంగు. ఆ నీలాన్ని నాలుగు రంగుల మామూలు అచ్చు యంత్రం పట్టుకోలేదు, ఊదాలోకి జారిపోతుంది. ఎనిమిదో పన్నెండో సిరాలున్న యంత్రం మీద వేయించుకుంటే దగ్గరగా వస్తుంది. అచ్చులో మనకు వచ్చేది ఆ చిత్రం ఈనాటి స్థితి. మనంతట మనమే పాత ఆకుపచ్చ తెరను తిరిగి వేయించబూనడం అనవసరపు సాహసం.

ఇక కాన్వాసు. అన్ని పాత చిత్రాలూ గుడ్డ మీద గీసినవేనని మనం అనుకుంటాం. మోనాలిసా పోప్లర్ చెక్క మీదిది. క్రాకోలో ఉన్న లియొనార్డో ముంగిస అమ్మాయి, ఆమె చేతిలో ఉన్నది నిజానికి ఎర్మిన్ అనే జంతువు, వాల్‌నట్ చెక్క మీదిది. హోల్బైన్ రాయబారులు ఓక్ పలకల మీదివారు. ఆ నున్నటి పలక మీద పొరమీద పొరగా పలచటి రంగు వేసి సాధించిన మృదుత్వాన్ని గరుకు కాన్వాసు మీద అచ్చువేస్తే, అసలులో ఎన్నడూ లేని నేత గీతలు ఆమె నవ్వు మీదుగా పరుగెడతాయి. చెక్క మీది చిత్రాలకు మెరుపులేని మందపాటి నూలు కాగితం మీద అచ్చు, దాన్ని పలకకు అతికించడం మంచి పద్ధతి. వెర్మీర్, రెంబ్రాంట్, వెలాస్కెజ్‌ల పై చిత్రాలకు కాన్వాసు తగినదే. అచ్చయిన తరువాత పైన జిగురులాంటి పదార్థంతో కుంచె గీతలు గీసి, తైలవర్ణమని భ్రమపెట్టే పని కొన్నిచోట్ల అదనపు రుసుముకు చేస్తున్నారు. చిత్రకారుడి కుంచె చెంప చుట్టూ తిరిగి ఉంటుంది, ఈ కుంచె పైనుంచి కిందికి సున్నం వేసినట్లు పోతుంది. దానికి డబ్బు పెట్టకండి.

కాన్వాసు పేరుతో అమ్మేవాటిలో ప్లాస్టిక్ పూత పూసి నేతలా ముద్రించిన ఫ్లెక్సు కూడా ఉంటుంది. వెనక్కి తిప్పి చూస్తే తెలిసిపోతుంది, గుడ్డకు దారాలుంటాయి. నూలుగుడ్డ గాని, నూలూ పాలియెస్టరూ కలిసిన గుడ్డ గాని, దాని మీద రంగురేణువుల (పిగ్మెంట్) సిరా కావాలని అడగండి. నీళ్ళలో కరిగే రకం సిరాలు ఎండకు త్వరగా వెలిసిపోతాయి.

మన వాతావరణం మాట మరచిపోకూడదు. వేసవిలో ఇక్కడ ఎండ నలభై అయిదు డిగ్రీలను తాకుతుంది, ఆ తరువాత వానలు, పైగా ఏలూరు, బందరు, రైవస్ కాలువల మధ్య ఊరు. నూలుగుడ్డ తేమకూ ఎండకూ సాగుతూ బిగుస్తూ ఉంటుంది, మూలల్లో ముడతలు పడతాయి. అందుకే మూలల్లో చెక్క చీలికలు కొట్టి మళ్ళీ బిగించుకోగల చట్రం కావాలి. నాలుగు కర్రలను మేకులతో కదలకుండా బిగించేసిన చట్రానికి ఆ వీలు లేదు. ఆరని ప్యాకింగ్ చెక్క వాడితే ఒక్క వేసవికే మెలితిరుగుతుంది. ఫ్రేము వెనక కింది మూలలకు రెండు రబ్బరు బిళ్ళలు అతికిస్తే గోడకూ గుడ్డకూ మధ్య గాలి ఆడుతుంది, బూజు పట్టదు. చెమ్మ ఎక్కే గోడకు అసలు తగిలించనేకూడదు. వార్నిషు పూసిన కాన్వాసుకు అద్దం అక్కరలేదు. అద్దం బిగిస్తే రెంబ్రాంట్ చీకటిలో మన ట్యూబులైటూ, ఎదురు కిటికీ, మన ముఖమూ కనిపిస్తాయి.

ఫ్రేము గురించి పనివారికి నేను చెప్పగలిగింది తక్కువ, వారికే నాకన్నా ఎక్కువ తెలుసు. ఒక్క మాట మాత్రం. 17వ శతాబ్దపు డచ్చి ఇళ్ళలో రూపచిత్రాలకు నల్లటి చెక్క ఫ్రేములు, సన్నటి అలల చెక్కడంతో, ఎక్కువగా వాడుకలో ఉండేవి. పూలూ తీగలూ ఉబ్బిన బంగారు బీడింగును మన దుకాణాలు ప్రతిదానికీ తొడుగుతున్నాయి. పసుపు ధగధగల మధ్య రెంబ్రాంట్ ముఖంలోని ఆ మట్టిరంగు వెలుగు ఆరిపోతుంది. టేకులో రెండంగుళాల నల్లటి ఫ్రేము ఆ బంగారు ప్లాస్టిక్ కన్నా ఖరీదు కావచ్చు, చిత్రానికి మాత్రం అదే ఒప్పుతుంది.

ఇంట్లో తగిలించాక ఎవరో ఒకరు అడగక మానరు: "ఈ పెద్దాయన ఎవరండీ, మీ తాతగారా?" మన ఇళ్ళలో ఒంటరిగా ఒక ముసలివారి పటం ఉందంటే ఆయన కాలం చేసినవాడూ, మనవాడూ అయి ఉండాలి. దండ వేయలేదేమని కూడా అడుగుతారు. నేను ఈ ప్రశ్నను తప్పుపట్టను. రూపచిత్రం చూసి ఇది ఎవరు అని అడగడం కన్నా సరైన ప్రశ్న లేదు, సోఫా రంగుకు కలిసిందనడం కన్నా అది వెయ్యిరెట్లు మేలు. సమాధానం చెప్పగలగాలి అంతే. అందుకని ఫ్రేము వెనక చిత్రకారుడి పేరు, గీసిన సంవత్సరం, అసలు కొలత, అది ఉన్న మ్యూజియం పేరు నాలుగు పంక్తుల్లో రాయించి అతికించండి. దుకాణదారులు దీన్ని తమ పద్ధతిగా పెట్టుకుంటే, నకలును నకలుగా గౌరవంగా అమ్మినట్లూ ఉంటుంది.

డబ్బు కట్టకముందు చేయవలసిన పని ఒకటుంది. మొత్తం చిత్రం అచ్చువేయించే ముందు, ముఖం మేరకు మాత్రం, అసలు కొలతలో, అదే గుడ్డ మీద ఒక ముక్క వేసి ఇమ్మని అడగండి. దాన్ని ఇంటికి తీసుకువెళ్ళి, తగిలించదలచుకున్న గోడకు పిన్నులతో గుచ్చి, పగటి వెలుగులో ఒకసారి, రాత్రి మీ దీపాల కింద ఒకసారి, మీరు రోజూ కూర్చునే కుర్చీలోంచి చూడండి. దుకాణంలోని తెల్లటి లైట్ల కింద బాగున్న చర్మపు రంగు మీ ఇంటి పసుపు బల్బు కింద ఎలా మారుతుందో అప్పుడే తెలుస్తుంది. నచ్చకపోతే ఆ ముక్క ఖరీదే నష్టం.

అటువంటి ముక్కలు మూడు ఈ బల్ల మీద పెట్టాను. మూడూ హువాన్ దె పరేహా ముఖాలే. ఒకటి అసలు కొలతలో మ్యూజియం ఫైలు నుంచి తీసినది, ఒకటి రెట్టింపు చేసినది, ఒకటి వెలుగు పెంచి తెల్లబరిచినది. ఏది ఏదో చీటీలు పెట్టలేదు. ముందు వరుసవారు లేచి వచ్చి దగ్గరగా చూడండి, వారి తరువాత వెనుక వరుసవారు రావచ్చు. ప్రశ్నలు ఆ తరువాత తీసుకుంటాను.